రాజు ముఖం తరవాత, ముందు ఓడను చూడండి

విశాఖపట్నంలో ఓడలు కట్టే చోట ముప్పైనాలుగేళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను. ఉక్కు కోయకముందు ఓడ కాగితం మీద పుడుతుంది. ఆ గీతలు గీసిన చేతికి, ఆ కొలతలు సరిచూసిన కంటికి ఒక అలవాటు మిగిలిపోతుంది. ఏ ఓడ బొమ్మ కనబడినా ముందు పొట్ట ఒంపు, తరవాత చుక్కాని, ఆ తరవాత తెరచాప కొయ్యలకు కట్టిన తాళ్లు వెతుకుతాను. ఉద్యోగ విరమణ తరవాత ఆ అలవాటే నన్ను పాత నాణేల దగ్గరికి తీసుకెళ్లింది. ఇప్పుడు నా దగ్గర ఓడ బొమ్మ ఉన్న ప్రాచీన నాణేలు నలభైమూడు ఉన్నాయి. సేకరణ ఎలా మొదలుపెట్టాలని అడిగేవారికి నేను చెప్పే మాటలు ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు చెప్పేది ఒకటే. నాణేల వ్యాపారి మీకు రాజు పేరు, సంవత్సరం, ధర చెబుతాడు. మీరు మాత్రం ఓడను చదవడం నేర్చుకోండి. ఓడ ఎటు వెళుతోంది? ముక్కు ఏది, వెనుక భాగం ఏది? తెడ్లు ఉన్నాయా, తెరచాప ఉందా, రెండూ ఉన్నాయా? చుక్కాని ఎక్కడ? మధ్యధరా సముద్రపు పాత ఓడలకు ఈనాటి ఓడల్లా వెనుక మధ్యలో బిగించిన చుక్కాని లేదు. వెనుక పక్కల నుంచి కిందికి దించిన పెద్ద తెడ్లే చుక్కాని పని చేసేవి. నాణెం మీద ఆ తెడ్డు ఏ చివర కనబడితే అదే వెనుక భాగం. ఇది తెలియక ముక్కును వెనుకగా, వెనుకను ముక్కుగా రాసి అమ్మేవారు చాలామంది ఉన్నారు. అక్కడే తడబడే మనిషి మిగతా వివరాలు ఎంత జాగ్రత్తగా రాసి ఉంటాడో మీరే ఊహించుకోవచ్చు.

మొదటి నాణేనికి నేను ఎప్పుడూ ఒకే సలహా ఇస్తాను. నాలుగో శతాబ్దపు రోమన్ కంచు నాణెం కొనండి. క్రీ.శ. 348 నుంచి కాన్‌స్టాన్స్, రెండో కాన్‌స్టాన్షియస్ అనే అన్నదమ్ములైన చక్రవర్తులు కొత్త వరస నాణేలు ముద్రించారు. మంచి రోజులు తిరిగి వచ్చాయన్న అర్థంలో వాటి మీద లాటిన్ మాటలుంటాయి. ఆ వరసలో ఒక రకం మీద చక్రవర్తి ఓడలో నిలబడి ఉంటాడు. ఒక చేతిలో ఫీనిక్స్ పక్షి గానీ చిన్న విజయదేవత గానీ, మరో చేతిలో క్రైస్తవ చిహ్నమున్న జెండా ఉంటాయి. వెనుక కూర్చుని విజయదేవతే చుక్కాని పడుతుంది. బరువు నాలుగైదు గ్రాములు. లెక్కలేనన్ని ముద్రించారు కాబట్టి మామూలు మనిషికి అందే ధరలోనే దొరుకుతుంది, బొమ్మ కూడా స్పష్టంగా ఉంటుంది. దేవత చేతిలోని చుక్కాని తెడ్డు, నీటి గీతలు, ఓడ పక్కన తెడ్ల వరస మూడూ కనబడే నాణెం దొరికేదాకా ఆగండి. చక్రవర్తి ముఖం కొంచెం అరిగి ఉన్నా నష్టం లేదు.

రెండోది గ్రీకు వెండి. యూబియా దీవిలోని హిస్టియా పట్టణం క్రీ.పూ. మూడు, రెండు శతాబ్దాల్లో రెండు గ్రాముల చిన్న నాణేలు వేసింది. ముందు వైపు ద్రాక్షతీగలు చుట్టుకున్న వనదేవత తల, వెనుక వైపు అదే దేవత ఓడ వెనుక భాగం మీద కూర్చుని ఉంటుంది. ఓడంతా కనబడదు, వెనుక భాగమే. పూర్తి ఓడే కావాలని పట్టుబట్టకండి. పాత నాణేల మీద ముక్కలుగా కనబడే ఓడలే ఎక్కువ, ఆ ముక్కల్లోనే కట్టుబడి వివరాలు బాగా తెలుస్తాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది రోమన్ సేనాని మార్క్ ఆంటోనీ దెనారియస్. క్రీ.పూ. 32, 31 సంవత్సరాల్లో, అతను ఓడిపోయిన ఆక్టియమ్ నౌకాయుద్ధానికి ముందు, తన సైన్యానికీ నావికులకూ జీతాలివ్వడానికి వేయించిన వెండి నాణెం అది. ఒక వైపు కుడివైపు సాగుతున్న యుద్ధనౌక, పక్కన తెడ్ల బారు, పైన ఆంటోనీ పేరు, కింద అతని పదవి సంక్షిప్తంగా. రెండో వైపు రెండు సైనిక ధ్వజాల మధ్య గద్ద, కింద దళం సంఖ్య. రెండో దళం నుంచి ఇరవైమూడో దళం దాకా సంఖ్యలు దొరుకుతాయి. ఒక్కో దళానికి ఒక్కొక్కటి చొప్పున కూడబెట్టేవారు ప్రపంచమంతా ఉన్నారు. నా దగ్గర తొమ్మిది ఉన్నాయి. ఇరవైమూడు దాటిన సంఖ్య చూపించి ఎవరైనా ఎక్కువ ధర అడిగితే వెనక్కి తగ్గండి, వాటి మీద పండితులకు అనుమానాలున్నాయి.

ఈ నాణేలు బాగా అరిగిపోయి ఉంటాయి. దానికి కారణం ఉంది. ఆంటోనీ వెండిలో రాగి పాలు ఎక్కువ కలిపాడు. మంచి వెండి నాణేలను జనం దాచుకున్నారు, తరవాత కరిగించారు. వీటిని మాత్రం ఎవరూ దాచుకోలేదు. ఇవి చేతులు మారుతూనే రెండు వందల ఏళ్లకు పైగా బజార్లలో తిరిగాయి. అందువల్ల ఆంటోనీ దెనారియస్ కొత్తగా మెరుస్తూ కనబడితే సంతోషించే ముందు అనుమానించండి. మన నేలలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో ఎక్కువ భాగం అగస్టస్, టైబీరియస్‌లవే. మన వర్తకులకు మంచి వెండి కావలసి వచ్చింది.

ఇక రోమ్ రాగి నాణేల సంగతి. రోమన్లు క్రీ.పూ. 225 ప్రాంతంలో మొదలుపెట్టి చాలా తరాల పాటు తమ రాగి, కంచు నాణేల వెనుక వైపు ఓడ ముక్కు బొమ్మ వేశారు. అంతకు కొన్నేళ్ల ముందే, క్రీ.పూ. 241 మార్చి 10న, సిసిలీ పక్కన ఎగాడీ దీవుల దగ్గర, ఉత్తర ఆఫ్రికాలోని శత్రు నగరం కార్తేజ్ నౌకాదళాన్ని ఓడించారు. వ్యవసాయం చేసుకునే జాతి సముద్రం మీద గెలిచింది. ఆ గర్వం చిల్లర డబ్బుల మీదికి ఎక్కింది. ఆస్ అనే నాణెం మీద రెండు ముఖాల జానస్ దేవుడు ఉంటాడు. దానిలో సగం విలువైన దాని మీద శాటర్న్, పక్కన ఎస్ అక్షరం. తరవాతివాటిని చుక్కలతో గుర్తుపట్టాలి. నాలుగు చుక్కలుంటే మినర్వా, మూడుంటే హెర్క్యులెస్, రెండుంటే మెర్క్యురీ, ఒక్కటుంటే రోమా దేవత. ఆస్‌లో పన్నెండు భాగాలు, ఒక్కో చుక్క ఒక్కో భాగం. దేవుళ్లు మారినా వెనుక వైపు ఓడ ముక్కు మారదు. ఆరూ సేకరిస్తే ఒక పూర్తి వరస అవుతుంది. ఇది మంచి లక్ష్యం, ఓపిక ఉంటే రెండు మూడేళ్లలో తీరుతుంది.

ఆ ముక్కు కింద ముందుకు పొడుచుకొచ్చిన భాగాన్ని భూతద్దంతో చూడండి. బాగా మిగిలిన నాణెంలో మూడు అడ్డు పళ్లు కనబడతాయి. శత్రువు ఓడ పక్కను గుద్ది బద్దలు కొట్టే కంచు తొడుగు అది. 1980లో ఇజ్రాయెల్ తీరాన అట్లిట్ దగ్గర నీటి అడుగున అచ్చం అలాంటి కంచు తొడుగు దొరికింది. బరువు 465 కిలోలు, ముందు మూడు పళ్లు. 2010 నుంచి ఎగాడీ దీవుల దగ్గర సముద్రపు అడుగున మరికొన్ని దొరుకుతూ వచ్చాయి. అట్లిట్ తొడుగు ఫోటోను నా నాణెం పక్కన పెట్టి చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గోరంత స్థలంలో ఆ అచ్చు చెక్కినవాడు పళ్ల సంఖ్య తప్పలేదు. అతను ఆ ఓడను కళ్లారా చూసి ఉండాలి.

మా మనవరాలు ఒకసారి ఈ రాగి బిళ్లను చేతిలో పట్టుకుని, "తాతయ్యా, దీంతో బొమ్మా బొరుసా ఆడుకునేవాళ్లా?" అని అడిగింది. ఆడుకునేవారు. రోమన్ పిల్లలు నాణెం ఎగరేసి "తలలా, ఓడలా" అని అరిచేవారని మాక్రోబియస్ అనే రచయిత రాశాడు. ఓడ బొమ్మ నాణేల వాడుక పోయిన తరవాత కూడా ఆ మాట పోలేదు.

పాతకాలపు సముద్ర వర్తకులు ఫినీషియన్ల గురించి కొద్దిగా. ఈనాటి లెబనాన్‌లోని సిడోన్ రాజులు క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో వేసిన పెద్ద వెండి నాణేలు పాతిక గ్రాములు దాటుతాయి. ఒక వైపు అలల మీద తెడ్ల ఓడ, రెండో వైపు రథంలో పర్షియా చక్రవర్తి. వాటి ధర నాలాంటివాడికి అందదు. అవే రాజులు గ్రాము కూడా లేని చిన్న వెండి బిళ్లలు వేశారు. ఒక వైపు ఓడ, మరో వైపు సింహంతో తలపడే రాజు. శనగబద్దంత నాణెం మీద తెడ్లు లెక్కపెట్టగలిగేలా చెక్కారు. అదే కొనండి.

ఇప్పుడు మన తీరం.

మా అమ్మ పుట్టింది కృష్ణా జిల్లా ఘంటసాల పక్క పల్లెలో. అది ఒకప్పటి రేవు. ప్రాచీన గ్రీకు భూగోళ రచయిత టాలమీ రాసుకున్న కంటకోస్సుల అదేనని చరిత్రకారులు గుర్తించారు. అక్కడి ప్రాకృత శాసనంలో ఒక మహానావికుడి పేరు ఉంది, సివకుడు. చిన్నప్పుడు ఆ ఊరి దిబ్బల మీద ఆడుకున్నవాడిని కాబట్టి శాతవాహనుల ఓడ నాణెం మీద నాకు ప్రేమ ఎక్కువ. ఒక వైపు రెండు తెరచాప కొయ్యల ఓడ, రెండో వైపు ఉజ్జయిని చిహ్నం, అంటే అడ్డగీత నిలువుగీత కలిసిన గుర్తు, నాలుగు చివర్లా నాలుగు గుండ్రాలు. లోహం సీసం. కోరమండల్ తీరంలో దొరుకుతాయి. ఆ ఓడ చూడండి, మధ్యధరా ఓడలకూ దానికీ పోలికే లేదు. తెడ్ల బారు లేదు, గుద్దే ముక్కు లేదు. రెండు చివరలూ పైకి లేచిన పొట్ట, రెండు కొయ్యలు, ఒక్కో కొయ్య తల నుంచి రెండు పక్కలకు బిగించిన తాళ్లు. అది సరుకు మోసే ఓడ. యుద్ధనౌకను నాణెం మీద వేసిన రాజులు చాలామంది ఉన్నారు, వర్తకుల ఓడను వేసిన ఈ రాజు అంటే నాకు గౌరవం.

పాఠ్యపుస్తకాల్లో ఇవి యజ్ఞశ్రీ శాతకర్ణివని చదువుకున్నాం. 1908లో బ్రిటిష్ మ్యూజియం కోసం శాతవాహన నాణేల పట్టిక తయారుచేసిన రాప్సన్ వీటిని సిరి పులుమావి పేరు కింద ఉంచాడు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, అచ్చు పెద్దది, సీసపు బిళ్ల చిన్నది. బ్రాహ్మీ అక్షరాల్లో సగం బిళ్ల బయటే ఉండిపోయేవి. అందువల్ల అమ్మేవారు ఏ రాజు పేరు చెప్పినా, అక్షరాలు మీ కంటికి కనబడితేనే ఆ పేరు రాసుకోండి. లేకపోతే "శాతవాహన, ఓడ రకం, రాజు తెలియదు" అని రాయండి. బ్రాహ్మీ నేర్చుకోవడం కష్టమని భయపడకండి. ఈ నాణేలు చదవడానికి పదిహేను అక్షరాలు చాలు, నాకు రెండు నెలలు పట్టింది.

అయినా దీన్ని మొదటి నాణెంగా కొనవద్దనే చెబుతాను. సీసం పొయ్యి మీద కూడా కరుగుతుంది, పోత పోయడం చాలా సులభం. నేను మోసపోయింది ఇక్కడే. ఒక ప్రదర్శనలో నాలుగున్నర వేలు పెట్టి ఓడ నాణెం కొన్నాను. ఎంత బాగుందో! రెండు కొయ్యలూ, తాళ్లూ, అడుగున నీటి గీతా, అన్నీ స్పష్టం. రెండేళ్ల తరవాత మరో ఊళ్లో, మరో బల్ల మీద అదే నాణెం చూశాను. అదే చోట అంచు విరిగింది, అదే చోట కొయ్య పక్కన చిన్న గుంట. ఒకే అచ్చుతో కొట్టిన రెండు నాణేలకు బొమ్మ ఒకటే అవుతుంది. అరుగుదలా, విరిగిన చోట్లూ ఒకటి కావు. అవి కూడా ఒకేలా ఉంటే రెండూ ఒకే మూసలో పోసినవి. ఇంటికొచ్చి నా నాణేన్ని పక్క వెలుగులో చూస్తే అంచు చుట్టూ ఆకురాయితో రుద్దిన సన్నని గీత కనబడింది. మూస రెండు సగాలు కలిసిన చోటు అది. మొదటి రోజే కనబడవలసిన గీత. బొమ్మ అందం చూస్తూ అంచు చూడలేదు. ఆ నాణేన్ని పారేయలేదు, నకిలీ అని రాసి విడిగా ఉంచాను. ఎవరైనా నేర్చుకోవడానికి వస్తే ముందు దాన్నే చేతికిస్తాను.

మరో మోసం కూడా ఉంది. శాతవాహన నాణేల మీద మూడు కొప్పుల కొండ, దాని కింద నదిలా వంకర గీత ఉండే రకం మామూలుగా దొరుకుతుంది. బాగా అరిగినప్పుడు దాన్ని ఓడ అని అమ్మజూపుతారు. కొయ్యల తలల నుంచి కిందికి దిగే తాళ్లు వెతకండి. అవి లేకపోతే అది ఓడ కాదు.

అందుకే చేతిలో మూడు వస్తువులు లేకుండా కొనడానికి వెళ్లవద్దు. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, గ్రాములో వందో వంతు చూపే చిన్న కాటా, వ్యాసం కొలిచే వెర్నియర్ కాలిపర్. మూడూ కలిపినా ఒక నాణెం ధర కాదు. వెలుగు పైనుంచి పడితే ఏ నాణెమైనా బాగుంటుంది. ఫోను లైటును పక్క నుంచి, బల్లకు దాదాపు ఆనించి పట్టండి. బుడగల గుంటలు, మెత్తబడిన గీతలు, రుద్దిన అంచు అన్నీ బయటపడతాయి. తరవాత బరువు తూచి, అదే రకానికి మ్యూజియంల వాళ్లు ఇచ్చిన బరువుతో పోల్చండి. బ్రిటిష్ మ్యూజియం, అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ తమ నాణేల ఫోటోలూ బరువులూ ఇంటర్‌నెట్‌లో ఉచితంగా పెట్టాయి. ఆంటోనీ నాణేలకైతే, రోమన్ నాణేల పట్టిక తయారుచేసిన క్రాఫర్డ్ ఇచ్చిన 544 అనే అంకెతో వెతికితే దళాలన్నీ వరసగా వస్తాయి. వెండి దెనారియస్ బరువు మరీ తక్కువై, గీత పడిన చోట ఎర్రగా రాగి కనబడితే అది పైన వెండి పూత వేసిన నాణెం కావచ్చు. అలాంటివి ఆ కాలంలోనే దొంగతనంగా చేసేవారు. దాన్ని దాని ధరకే కొంటే తప్పు లేదు. శాతవాహన సీసం విషయంలో మాత్రం బరువును నమ్ముకోకండి, అవి ఒక్క తీరున ఉండవు.

చట్టం సంగతి తెలుసుకోకుండా ఒక్క నాణెం కూడా కొనవద్దు. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు. వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. పురావస్తువుల వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి, అడిగి చూడండి. అడిగితే విసుక్కునేవారి దగ్గర కొనకండి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలకు గుర్తుగా ఒక శాతవాహన నాణెం పంపుదామని చాలామంది అనుకుంటారు. మనసు మంచిదే, పని నేరం. అక్కడి పిల్లలు అక్కడే, లెక్కలు సరిగా ఉన్న వేలం సంస్థల దగ్గర రోమన్, గ్రీకు నాణేలు కొనుక్కోవచ్చు. కొనేటప్పుడు ఆ నాణెం అంతకుముందు ఎవరి దగ్గర, ఏ వేలంలో, ఏ సంవత్సరంలో ఉందో రాతపూర్వకంగా తీసుకోవాలి. మనం బయటి నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ కాగితంలో ఉన్నది ఉన్నట్టు రాయించాలి.

పొలంలో దొరికిందని ఎవరైనా తీసుకొస్తే చేయి చాచకండి. 1878 నాటి నిక్షేపాల చట్టం కింద భూమిలో దొరికిన విలువైన వస్తువు సంగతి కలెక్టరుకు తెలియజేయాలి. చట్టం ఒక్కటే దీనికి కారణం కాదు. ఏ దిబ్బలో, ఎంత లోతులో, ఏ కుండలో దొరికిందో తెలిస్తే ఒక సీసపు బిళ్ల ఆ రేవు చరిత్ర చెబుతుంది. జేబులోకి వెళితే అది బిళ్లగానే మిగిలిపోతుంది. ఘంటసాల దిబ్బల మీద నేను ఆడుకున్న రోజుల్లో ఎన్ని బిళ్లలు అలా వెళ్లిపోయాయో తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

దాచడం గురించి జాగ్రత్తగా వినండి, ఎక్కువ నష్టం ఇంట్లోనే జరుగుతుంది. నా మొదటి కాన్‌స్టాన్స్ నాణేన్ని దసరాకు ముందు మా వదినగారు ఇత్తడి సామానుతో కలిపి చింతపండుతో తోమారు. ప్రేమతో చేసిన పని. పదహారు వందల ఏళ్ల నుంచి ఆ కంచును కాపాడిన ఆకుపచ్చ పొర పోయింది, దానితో పాటే చుక్కాని తెడ్డూ, నీటి గీతలూ పోయాయి. ఎర్రని రాగి రంగు బిళ్ల మిగిలింది. ఆ పొర మురికి కాదు, బొమ్మ నిలిచి ఉన్నది ఆ పొరలోనే. చింతపండు, నిమ్మకాయ, విభూతి, బ్రష్షు ఏవీ దగ్గరికి రానివ్వకండి.

పీవీసీ కవర్లు వాడకండి, కొన్నాళ్లకు రాగి మీద పచ్చని జిగురు పడుతుంది. వాటి బదులు మైలార్ అనే ప్లాస్టిక్ కవర్లు దొరుకుతాయి. సీసపు నాణేలను చెక్క బీరువాలో పెట్టవద్దు. చెక్క నుంచి, అట్టపెట్టె నుంచి, కొత్త రంగు నుంచి వచ్చే పులుపు ఆవిరి సీసాన్ని తెల్లని పొడిగా మార్చేస్తుంది. ఆ పొడి విషం కూడా. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి, చిన్నపిల్లలకు ఇవ్వకండి. మాలాంటి సముద్రపు ఊళ్లలో గాలి తడికి కంచు మీద లేత ఆకుపచ్చ పొడి మచ్చలు లేస్తాయి. కనబడగానే ఆ నాణేన్ని మిగతావాటి నుంచి వేరు చేసి, సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టి, మ్యూజియంలో శుద్ధి పని తెలిసినవారికి చూపించండి. నేను ప్రతి రెండు నెలలకోసారి, వానాకాలంలో అయితే ప్రతి పదిహేను రోజులకోసారి డబ్బాలన్నీ తెరిచి చూస్తాను.

ఆఖరి పని కార్డు రాయడం. ప్రతి నాణేనికి ఒక కార్డు, అదే రోజు, చేత్తో. లోహం, బరువు, వ్యాసం, రెండు వైపులా ఏముందో, ఎక్కడ ఎప్పుడు ఎంతకు కొన్నదీ, బిల్లు ఏ ఫైల్లో ఉందో రాయాలి. నేను ఇంకో గడి కూడా పెట్టుకున్నాను. అందులో ఓడ వివరాలే ఉంటాయి: ఎటు సాగుతోంది, తెడ్లు ఎన్ని, చుక్కాని ఎక్కడ, కొయ్యలు ఎన్ని, కనబడని భాగం ఏది. ఆంటోనీ ఆరో దళం నాణెం కార్డు మీద "కుడివైపు, తెడ్లు పదకొండు లెక్కకు వచ్చాయి, వెనుక భాగం సగం బిళ్ల బయట" అని ఉంటుంది. కార్డు అడుగున పెద్ద అక్షరాలతో రెండు వాక్యాలు రాస్తాను. "దీన్ని తోమవద్దు. విదేశాలకు పంపవద్దు." రేపు నేను లేనప్పుడు పెట్టె తెరిచేవారికి ముందుగా తెలియవలసినవి అవే.